ఎవరి కవర్ వాళ్లదే

రఘుపతి పేరు స్వర్ణ నోట్లోంచి ఎంత సులువుగా వస్తుందో నాగేందర్ ఈ ఎండాకాలంలోనే గమనించాడు.

"రఘుపతీ, నాలుగో ప్రశ్నకు ఏం రాయాలె?"

"రఘుపతీ, జర ఆగు. నీ మాట ఇనబడుతలేదు."

పేరు చివర సార్ లేదు. అన్న లేదు. వెనక గారు కూడా లేదు. పెళ్లయి పన్నెండేళ్లయింది. నాగేందర్ పేరు స్వర్ణ నోటి వెంట వచ్చింది ఒక్కసారే, పెళ్లినాడు గడప దగ్గర. ఆడబిడ్డలు చేతులు అడ్డం పెట్టి పేరు చెప్తేగాని లోపలికి రానియ్యమంటే తల వంచుకుని గొణిగింది. ఆ తర్వాత ఎప్పుడూ "ఇగో", "వింటున్నరా", పిల్ల పుట్టాక "మనస్విని వాళ్ల నాయిన". నాగేందర్‌కు అదే బాగుండేది. పేరు పెట్టి పిలవకపోవడంలో ఒక దగ్గరితనం ఉందనుకునేవాడు. ఇప్పుడు కిటికీ బయట నిలబడి కూలర్‌లో బిందెతో నీళ్లు పోస్తూ ఇంకొకడి పేరు వింటుంటే, తన పేరు ఎక్కడో పెట్టి మరిచిపోయినట్టనిపించింది.

స్వర్ణ, నాగేందర్ ఇద్దరూ నల్లగొండలో జంతుశాస్త్రం లెక్చరర్లే. కాలేజీలు వేరు. పోయినేడు స్వర్ణ ఫెలోషిప్ మీద అమెరికాలో ఒక యూనివర్సిటీకి వెళ్లి, జనవరి నుంచి డిసెంబర్ దాకా ఉండి వచ్చింది. వచ్చి ఆర్నెల్లు కావస్తున్నా ఆ దేశంతో పని తీరలేదు. అక్కడ తీసుకున్న భృతికి ఇక్కడి నుంచి పన్ను లెక్క దాఖలు చేయాలి. రెండు దేశాల ఒప్పందం ప్రకారం ఆమెకు పన్ను పడదు. పడదని చెప్పడానికి కూడా కాగితాలు నింపి, పెన్నుతో సంతకం పెట్టి, జూన్ పదిహేను లోపల పోస్టులో వేయాలి.

"ఇయ్యాల్సింది ఏం లేదని చెప్పేందుకు ఇంత కతనా?" అంది నాగేందర్ తల్లి బక్కమ్మ. "మన దగ్గర లేదంటే లేదు. అయిపాయె."

రఘుపతి అదే యూనివర్సిటీలో రసాయనశాస్త్రం విభాగంలో రెండేళ్లు ఉండి, స్వర్ణ వచ్చినప్పుడే తిరిగి వచ్చాడు. ఆత్మకూర్ అతనిది. మహబూబ్‌నగర్‌లో లెక్చరర్. ఈ కాగితాలు అంతకుముందు ఒకసారి నింపినవాడు కాబట్టి స్వర్ణ ప్రతిదానికీ అతన్నే అడుగుతోంది. వారానికి రెండు మూడు సార్లు ల్యాప్‌టాప్ తెరుచుకుంటుంది. ఆ తర్వాత ఏవో నంబర్లతో పిలిచే ఫారాలు, ఎప్పుడో మంచులో జారిపడ్డవాళ్ల ముచ్చట్లు, నవ్వులు.

ఇవి ఉట్టి కాగితాలే అయితే నాగేందర్ పట్టించుకోకపోయేవాడు. స్వర్ణ పనిచేసిన ల్యాబ్ ప్రొఫెసర్ వచ్చే జనవరిలో వచ్చి ఇంకో ఆర్నెల్లు ఉండమని రాశాడు. పిలుపు కాగితాలు తయారుచేసే ఆఫీసు వాళ్లేమో ముందు పోయినేటి పన్ను దాఖలు చేసిన రుజువు పంపమన్నారు. అంటే ఇవి పోతే ఆమె పోతుంది. ఇవి ఆగితే ఆమె ఆగుతుంది. నాగేందర్ లెక్క అంతే.

ఆ ఫెలోషిప్‌కు ఇద్దరూ ఒకే ఏడు అర్జీ పెట్టుకున్నారు. నాగేందర్ చెరువు చేపల మీద, స్వర్ణ గొర్రెల కార్జాల్లో పడే జలగల మీద. రామన్నపేట దగ్గర ఊళ్లో నాగేందర్ వాళ్లది తరతరాల గొర్రెల ఇల్లు. తండ్రి దుర్గయ్య చనిపోయాక మందను తమ్ముడు చూసుకుంటున్నాడు. స్వర్ణ చౌటుప్పల్‌లో మందుల ఫ్యాక్టరీ ఉద్యోగి బిడ్డ. పెళ్లయిన కొత్తలో గొర్రెపిల్ల ఎదురొస్తే చీర పైకి పట్టుకుని గోడవారకు జరిగేది. గొర్రెను కాళ్ల మధ్య ఎలా ఇరికించి పట్టాలో, కంటి కింది రెప్ప తిప్పి, తెల్లగా పాలిపోయి ఉంటే లోపల జలగ ఉన్నట్టని ఎలా చెప్పాలో ఆమెకు చూపించింది నాగేందరే. మంద అతని తండ్రిది. రెప్ప తిప్పిన వేలు అతనిది. విమానం ఎక్కింది ఆమె.

ఫలితం వచ్చిన రోజు నాగేందరే మైసూర్‌పాక్ కొని స్టాఫ్‌రూమ్‌లో పంచాడు. "పెండ్లాన్ని అంత దూరం పంపుతున్నవంటే నీది పెద్ద మనసు" అన్నారు అందరూ. ఆ మాట కొన్నాళ్లు పనిచేసింది.

మే చివర్లో స్వర్ణ ఇంకో కాగితం తెచ్చి అతని ముందు పెట్టింది.

"మీరు గూడ ఒకటి సంతకం పెట్టాలె."

"నేనెందుకు?"

"పోయినేడు సెలవులల్ల వచ్చిన్రు గద. మనస్వినిది గూడ ఉంది. దాని తరఫున నేను పెడ్త."

ఆ సెలవుల్లో నాగేందర్, కూతురు కలిసి వెళ్లి నెలన్నర ఉండి వచ్చారు. స్వర్ణ వీసా మీద, ఆమెపై ఆధారపడినవాళ్లుగా వెళ్లారు. అందుకని ఆ ఇద్దరి పేర్లమీదా చెరొక కాగితం పోవాలి. పైసా సంపాదించకపోయినా, పదేళ్ల పిల్లయినా సరే.

నాగేందర్ చదివాడు. ఆధారపడిన భర్త. ఎవరి మీద అన్నచోట స్వర్ణ పేరు. అక్కడ ఒక ఆదివారం ఆ విభాగం వాళ్లంతా పార్కులో కలిసి తిన్నప్పుడు, తెల్లజుట్టు పెద్దావిడ ఒకామె అందరి చొక్కాలకూ పేర్లు రాసి అంటించింది. నాగేందర్ పేరు మూడుసార్లు అడిగింది, రాయడం రాక నవ్వేసి, 'స్వర్ణ భర్త' అని రాసి అతని ఛాతీ మీద అంటించింది. ఆ సాయంత్రమంతా జనం అతని మొహం కాక ఛాతీ చూసి పలకరించారు. మనస్వినికి అది పెద్ద తమాషా. ఇంటికొచ్చాక కూడా కొన్నాళ్లు "స్వర్ణ భర్తగారూ, నీళ్లు కావాల్నా?" అని ఆడుకుంది.

"పెడత తియ్యి. ఫికర్ చెయ్యకు," అని నాగేందర్ కాగితం మడిచి బీరువా మీద పెట్టాడు.

మర్నాడు అడిగితే ఇంకోసారి చదవాలన్నాడు. ఆ మర్నాడు పెన్ను సరిగా పడడం లేదన్నాడు. స్వర్ణ ఇంకో పెన్ను తెచ్చి బీరువా మీద, కాగితం పక్కన పెట్టి వెళ్లింది. అది కూడా అక్కడే ఉండిపోయింది.

స్వర్ణ తన కాగితాలన్నీ సంతకాలు చేసి, ఫ్యాన్ గాలికి ఎగరకుండా దేవుడి గూట్లో ఒక మూలకు పెట్టుకుంది. శుక్రవారం పొద్దున ఆమె పరీక్ష పేపర్లు దిద్దడానికి కాలేజీకి వెళ్లింది. నాగేందర్ హాల్లో మంచం మీద కూర్చుని పేపర్ చదువుతున్నాడు. బక్కమ్మ తలస్నానం చేసి వచ్చి దీపం పెట్టింది. గూట్లో కాగితాలు కనిపించాయి.

ఆ ఇంట్లో పెద్ద కాగితం ఏదీ పసుపు లేకుండా గడప దాటలేదు. భూమి పాస్‌బుక్కు, నాగేందర్ ఉద్యోగం ఆర్డరు, మనస్విని బడి అడ్మిషన్ అన్నిటికీ నాలుగు మూలలా బక్కమ్మ వేళ్ల గుర్తులున్నాయి. ఆమె పసుపు తడిపింది. ఒక్కో కాగితం తీసి, చంటిపిల్ల పాదాలకు రాసినంత జాగ్రత్తగా మూలలకు రాయడం మొదలుపెట్టింది.

నాగేందర్ పేపర్ మీదుగా చూశాడు. "అమ్మా, ఆగు" అనడానికి క్షణం చాలు. ఆ క్షణం పోయింది. రెండో కాగితం అయింది. మూడోదీ అయింది.

"కొడుకా," అంది బక్కమ్మ వెనక్కి తిరగకుండానే, "నడుమల గూడ ఒక కుంకుమ బొట్టు పెట్టాల్నా?"

"నీ ఇష్టమమ్మా," అన్నాడు నాగేందర్, పేపర్ తిప్పుతూ.

మధ్యాహ్నం స్వర్ణ వచ్చి చూసి గూటి ముందు అట్లాగే నిలబడిపోయింది.

"అత్తమ్మా! ఏం చేసినవ్ ఇది?"

"ఏం చేసిన? పసుపు పెట్టిన. ఉట్టి కాయితం పంపుతవా పరాయి దేశానికి? నీ పాస్‌పోర్టు అట్టకు గూడ పెట్టిన, నీకు తెల్వది. గందుకే సల్లంగ పోయొచ్చినవ్."

స్వర్ణ కుర్చీలో కూలబడింది. కోప్పడుతుందని నాగేందర్ ఎదురుచూశాడు. ఆమె భుజాలు కదిలాయి. నవ్వుతోంది. నవ్వుతూనే ల్యాప్‌టాప్ తెరిచి, పసుపు కాగితం కెమెరా ముందు పట్టింది.

"అయ్యో! నడుమ బొట్టు గూడనా!" రఘుపతి గొంతు హాలంతా వినపడింది. "పంపకు, పంపకు. పొడి రాలిందంటే కవర్ తెరిచేటోడు విషమనుకోని కుర్సీ తన్నేసి బయటికి ఉరుకుతడు. ఆ ఎర్రది నెత్తురనుకుంటే పోలీసులొస్తరు."

ఇద్దరూ కళ్లనీళ్లు తుడుచుకునేదాకా నవ్వారు. బక్కమ్మ కూడా సంగతి తెలియకుండానే నవ్వింది. నాగేందర్ ఒక్కడే నవ్వలేదు. వాళ్ల దారిలో అడ్డంగా పడేసిన రాయి కూడా వాళ్లిద్దరికీ ఆటవస్తువే అయింది.

ల్యాప్‌టాప్ మూశాక స్వర్ణ అడిగింది. "మీరు ఇంట్లనే ఉన్నరు గద. చూడలేదా?"

"పేపర్ చదువుతున్న."

ఆమె కొంచెంసేపు అతనివైపు చూసింది. పసుపంటిన కాగితాలు పారేయకుండా మడిచి పక్కన పెట్టింది. సాయంత్రం మళ్లీ అన్నీ ప్రింట్ తీయించుకొచ్చింది.

ఆ ఆదివారం రఘుపతి వస్తున్నాడని చెప్పింది స్వర్ణ. చౌటుప్పల్‌లో అతని బామ్మర్ది కొత్త ఇల్లు కట్టాడు, గృహప్రవేశం. భార్యతో కలిసి నల్లగొండ మీదుగా వెళ్తూ, కాగితాలు ఒకసారి కళ్లారా చూసిపోతానన్నాడు.

"వచ్చేది సుట్టమా?" అంది బక్కమ్మ.

"కాదు అత్తమ్మా, దోస్తు."

"ఎవలికి దోస్తు?"

"నాకు."

బక్కమ్మ కొడుకు మొహం చూసింది. కొడుకు చెప్పులేసుకుని మటన్ తేవడానికి వెళ్లాడు. దారి పొడుగునా ఆ 'నాకు' అన్న మాటే చెవిలో తిరిగింది. కొట్టు దగ్గర రెండు తొడల మధ్య ఏది లేతదో చాలాసేపు ఎంచాడు. వచ్చేవాడికి మంచి కూర పెట్టాలనా, పెట్టకూడదనా అన్నది తనకే తెలియలేదు.

కారు దిగిన రఘుపతి పొట్టిగా, బొజ్జతో, నెత్తి మీద ఎండకు మెరిసే బట్టతలతో ఉన్నాడు. స్క్రీన్ మీద తల ఒక్కటే కనిపించేది కాబట్టి నాగేందర్ కిందిదంతా తన భయానికి తగ్గట్టు ఊహించుకున్నాడు. తేలికపడాల్సింది. పడలేదు. అందగాడైతే ఒక బాధ. ఇట్లాంటి మనిషితో స్వర్ణ గంటలు గంటలు మాట్లాడుతోందంటే అందం కోసం కాదన్నమాట. అది ఇంకా బాధ.

"నాగేందరన్నా!" అంటూ రఘుపతి వచ్చి వాటేసుకున్నాడు. "మీ పసుపు కాయితం ముచ్చట మా కాలేజీల అందరికి చెప్పిన."

అతని భార్య భాగ్యశ్రీ వెనకే వచ్చింది. సన్నగా, చామనఛాయగా ఉంది. నీలం పట్టుచీర కట్టుకుంది. గడపలోనే ఆగి స్వర్ణను పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చూసింది. అప్పుడు చెప్పులు విడిచింది.

భోజనాలయ్యాయి. బక్కమ్మ భాగ్యశ్రీని పుట్టింటి ఊరి పేరు, మొగుడి జీతం, మోకాళ్ల నొప్పికి అమెరికాలో ఏం మందు ఉందో అడిగి తెలుసుకుని, ఎండకు తట్టుకోలేక లోపలికెళ్లి పడుకుంది. మనస్విని ఆమె పక్కన చేరింది. స్వర్ణ, రఘుపతి బల్ల మీద కాగితాలు పరిచారు. ఇద్దరి తలలూ ఒకే కాగితం మీదికి వంగాయి. నాగేందర్ వరండాలోకి వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు.

కాసేపటికి భాగ్యశ్రీ కూడా వచ్చి ఎదురుగా మెట్టు మీద కూర్చుంది.

"అన్నా, మీరు సంతకం పెడ్తలేరంట గద."

నాగేందర్ ఉలిక్కిపడ్డాడు. "ఎవరు చెప్పిన్రు?"

"మా ఇంట్ల నడిచేదే మీ ఇంటి వార్తలు. మీ కూలర్ మోటర్ కాలిపోయింది గూడ తెలుసు నాకు."

అతను కిటికీకున్న కూలర్‌వైపు చూశాడు.

"మా ఆయన ఇంట్ల బనీన్ మీదనే ఉంటడు. మా నాయిన వచ్చినా గంతే. మీ ఆమె ఫోన్ రాంగనే ఉరికి షర్టు తొడుక్కుంటడు. లుంగీ మీద షర్టు, గుండీలు మెడ దాక."

నాగేందర్ లోపలికి చూశాడు. బల్ల దగ్గర రఘుపతి ఏదో వేలు పెట్టి చూపిస్తున్నాడు. స్వర్ణ తల ఊపుతోంది.

"మీకు కోపం రాదా?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎందుకు రాదు? తమ్ముని గృహప్రవేశానికి హైదరాబాద్ మీంచి పోతే ఇంకా సుఖం. నేనే నల్లగొండ మీంచి పోదామన్న. కండ్లార చూద్దామని."

"చూసిన్రా?"

"చూసిన. ఏం లేదన్నా వాళ్ల నడుమ." భాగ్యశ్రీ కొంగుతో మెడ తుడుచుకుంది. "గదే బాధ. ఉంటే జుట్టు పట్టుకొని కొట్లాడి అవతల పడుదును."

నాగేందర్‌కు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత.

"నాకు మీ ఆమె మీద కుళ్లు," అంది ఆమె, ఎండ కాస్తోంది అన్నంత మామూలుగా. "నేను మహబూబ్‌నగర్‌ల బడిల లెక్కలు చెప్పేదాన్ని. ఈయన వెంట పోదామని వదిలిపెట్టిన. అక్కడ నన్ను పని చెయ్యనియ్యరు. ఐతారం ఐతారం మీ ఆమె తినేటందుకు వచ్చేది. మంచిదే, ఒట్టి చేతులతోటి ఎన్నడు రాలె. ఇద్దరు కూసోని ఏందో రసాయనం, ఏందో జలగ అని మాట్లాడేటోళ్లు. నేను చారు పోస్తుంటి. మా ఆయనతోటి మాట్లాడిందని కాదన్నా. మాట్లాడినంక ఆ గిన్నెలు నేను కడిగిన. గందుకు."

లోపల నుంచి నవ్వు వినపడింది. ఇద్దరూ ఒకేసారి అటు చూశారు. ఒకేసారి చూపు తిప్పుకున్నారు.

"సంతకం సంగతి చెప్త," అంది భాగ్యశ్రీ. "మొదటి ఏడు నేను గూడ పెట్టలె. ఆధారపడిన భార్య అని రాసి ఉంటె నా చెయ్యి రాలె. ఆయన అడిగినకొద్ది తలనొప్పి అన్న, పండుగ అన్న, అమాస అన్న. నేను పెట్టకుంటె ఈయనది గూడ పోదనుకున్న."

"పోలేదా?"

"సక్కగ పోయింది. తనది తను తీస్కపోయి పోస్టుల ఏసిండు. ఎవరి కవర్ వాళ్లదే అన్నా. ఇంట్ల ముగ్గురుంటె మూడు కవర్లు. ఒక్క దాంట్ల పెట్టొద్దని ఆ కాయితం మీదనే రాసి ఉంటది. నా సంతకం లేకుంటె నాదే ఆగింది. రేపు నేను మళ్ల వీసాకు పోతె నన్నే అడుగుతరు. ఆయన్ని కాదు. మొన్న సప్పుడు చెయ్యకుంట పెట్టి పంపిన."

నాగేందర్ చేతుల్లోంచి ఏదో జారిపోయినట్టయింది. పదిహేను రోజులుగా ఆ బీరువా కిందుగా నడిచినప్పుడల్లా అతనికి లోపల కొంత ధైర్యంగా ఉండేది. ఆమె ప్రయాణం తన పెన్నులో ఉందనుకున్నాడు. ఆ పెన్నులో ఉన్నది తన కాగితం ఒక్కటే.

నాలుగైంది. రఘుపతి వాళ్లు బయలుదేరారు. భాగ్యశ్రీ గడప దగ్గర స్వర్ణ చేత బొట్టు పెట్టించుకుంది. "మీ కూర బాగుంది. ఈసారి మా ఇంటికి రాండ్రి, గిన్నెలు మీతోటి కడిగిస్త," అంది. స్వర్ణ నవ్వింది. భాగ్యశ్రీ నవ్వలేదు. కారు మలుపు తిరిగింది.

స్వర్ణ వంటింట్లో గ్లాసులు కడుగుతుంటే నాగేందర్ గుమ్మంలో నిలబడ్డాడు.

"నీ కాయితాలు తయారైనయి గద. ఎందుకు పంపలె?"

"మీది రాలేదు గద."

"నాది లేకున్నా నీది పోతదంట."

స్వర్ణ గ్లాసు బోర్లించింది. "పోతది."

"తెలుసా నీకు?"

"మొదటి రోజే తెలుసు."

"మరి?"

ఆమె చేతులు తుడుచుకుని ఇటు తిరిగింది. "పోయినసారి నేను పోయిననంటే ఎవలు నమ్మలె. 'నీ మొగుడు ఎంత మంచోడు, పోనిచ్చిండు' అన్నరు. అక్కడ మంచుల బస్ కోసం నిలబడ్డప్పుడు గూడ నాకు గదే యాదికొచ్చేది, నన్ను పోనిచ్చిన్రని. ఈసారి అట్ల వద్దు. నేను పోత. మీకు రావాలనుంటె మీరు రాండ్రి. మీ కాయితం ఆపుకుంటె మీదే ఆగుతది. గది మీ అంతట మీకు తెలిసేదాక ఆగుదామనుకున్న. బుధవారం దాక చూసి నాది ఏసేద్దును."

"అంటే నాకు పరీక్ష పెట్టినవా?"

"పరీక్ష కాదు. కోపం. పసుపు పెడుతుంటె చూసిన్రు గద?"

నాగేందర్ గుమ్మం చెక్క గీకాడు. "చూసిన."

"అత్తమ్మ ఆ పొద్దే చెప్పింది. నడుమల బొట్టు నా కొడుకును అడిగే పెట్టిన అని."

"నీ ఇష్టం అన్న. పెట్టుమనలె."

"అబ్బ! ఎంత తేడా."

అతను నవ్వబోయి మానుకున్నాడు. ఇన్నాళ్లూ రఘుపతి పేరు మీద పెట్టి మోసిన బరువు ఇప్పుడు ఎక్కడ దించాలో తెలియలేదు. రఘుపతి కాదని వరండాలోనే తెలిసిపోయింది. ఆ బట్టతల మనిషి అడ్డం తొలగాక వెనక నిలబడింది స్వర్ణే.

"గొర్రెలు మావి," అన్నాడు ఉన్నట్టుండి.

"మీవే."

"కంటిరెప్ప తిప్పి చూపించింది నేను."

"మీరే."

"గొర్రెపిల్లను చూస్తె గోడెక్కేదానివి."

"ఎక్కేదాన్నే."

"మరి నాకెందుకు రాలె?" గొంతు తనకే కొత్తగా వినిపించింది. చిన్నపిల్లవాడి గొంతులా ఉంది.

బక్కమ్మ లేచిందేమో అని స్వర్ణ ఒకసారి లోపలికి చూసింది. "మీరు చేపల మీద రాసిన్రు," అంది. "చేపల గురించి మీకేం తెలుసు? మీ ఊరి చెరువుల మీరు ఈత గూడ కొట్టలె. నేను అప్పుడే అడుగుదామనుకున్న. గొర్రెల మీద ఎందుకు రాయలేదు?"

అతనికి ఆ రోజు గుర్తుంది. దరఖాస్తు తెరిచి విషయం అన్నచోట గొర్రెలు అని రాసి కొట్టేశాడు. ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చునే వాళ్ల మొహాలు ముందే కనిపించాయి. ఇంటి పేరు చూస్తారు, ఊరు చూస్తారు, విషయం చూస్తారు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కాలేజీలో చేరిన కొత్తలో స్టాఫ్‌రూమ్‌లో ఎవడో "సారు దగ్గర ఉన్ని వాసన వస్తలేదా?" అని నవ్వితే తనూ కలిసి నవ్వాడు. అప్పటినుంచి చొక్కాలకు సెంటు కొట్టుకునే అలవాటు.

"గొల్లోని కొడుకు గొర్రెల మీదనే రాసిండంటరని," అన్నాడు.

స్వర్ణ జాలిపడుతుందేమోనని అతను భయపడ్డాడు. జాలిపడి ఉంటే ఆ కాగితం చింపేసేవాడేమో. ఆమె కడిగిన గ్లాసుల్లోంచి ఒకటి తీసి మంచినీళ్లు ముంచుకుని తాగింది.

"మీరు వదిలిపెట్టిన్రు. నేను తీసుకున్న," అంది. "ఇచ్చిన్రని మాత్రం అనకుండ్రి."

నాగేందర్ వెళ్లి బీరువా మీది కాగితం దించాడు. దుమ్ము దులిపాడు. ఆధారపడిన భర్త అన్న మాట ఇంకోసారి చదివాడు. నచ్చలేదు. ఎన్నిసార్లు చదివినా నచ్చదని తెలిసింది. దాని కిందే సంతకం పెట్టాడు.

మర్నాడు పొద్దున స్వర్ణ మూడు కవర్ల మీద ఒకే చిరునామా రాసింది. బక్కమ్మ చూసి ముక్కు మీద వేలేసుకుంది. "ఒక ఇంటోళ్లకు మూడు కవర్లా? వేరు పడ్డరా ఏంది?"

పోస్టాఫీసులో రద్దీ లేదు. కౌంటర్‌లో నడివయసు మనిషి కవర్లు తిప్పి చూసి, కళ్లద్దాలు పైకి జరిపి, నాగేందర్‌వైపు గౌరవంగా చూశాడు.

"అమెరికానా! మీరేనా సార్ పోయొచ్చింది?"

అవునంటే అబద్ధమేమీ కాదు. నెలన్నర ఉండి వచ్చాడు. నాగేందర్ నోరు తెరిచాడు.

"ఆమె," అన్నాడు.

ఆ మనిషి చూపు అతని మీదినుంచి జరిగి స్వర్ణ మీద ఆగింది. "కూసోండ్రి మేడం," అని పక్క కుర్చీ మీది రిజిస్టర్లు తీసి కింద పెట్టాడు. తన బిడ్డ హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చదువుతోందట. ఇట్లాంటి ఫెలోషిప్‌లకు ఏం రాయాలి, ఎప్పుడు రాయాలి, మార్కులెన్ని కావాలి? స్వర్ణ కూర్చుని ఓపికగా చెప్పడం మొదలుపెట్టింది. ఆయన కాగితం తీసి రాసుకుంటున్నాడు.

"సార్, జర ఆ కవర్లు అంటించరా? జిగురు ఆడ ఉంది," అన్నాడు తలెత్తకుండా.

నాగేందర్ మూలనున్న బల్ల దగ్గరికి వెళ్లాడు. జిగురు డబ్బా అంచులు ఎండిపోయి ఉన్నాయి. మొదట మనస్విని కవర్ అంటించాడు. తర్వాత తనది. ఒక్క కాగితమే, పలచగా, లోపల ఏమీ లేనట్టుంది. స్వర్ణది మందంగా ఉంది. మూత సరిగా మూసుకోకుండా పైకి లేస్తోంది. లోపల ఆమె ఏడాదంతా ఉంది. అతనికి మళ్లీ అదే కుళ్లు పుట్టింది. నిన్నటికంటే తక్కువేమీ కాదు. వేలికి ఇంకొంచెం జిగురు తీసుకుని మూత అంచు పొడుగునా రాశాడు, అరచేతితో గట్టిగా నొక్కి, పట్టుకునేదాకా అట్లాగే నిలబడ్డాడు.

కౌంటర్ దగ్గర స్వర్ణ మాటలు ఇంకా అయిపోలేదు. గొర్రె కంటిరెప్పను ఎలా తిప్పాలో రెండు వేళ్లతో గాల్లో చూపిస్తోంది. పోస్టాఫీసు మనిషి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"అట్ల కాదు," అన్నాడు నాగేందర్ మూలనుంచి, తనకు తెలియకుండానే. "బొటనవేలు కిందికుండాలె."

మూడు కవర్లూ పట్టుకుని కౌంటర్ దగ్గరికి నడిచాడు.